మీరు తల మీద పొడిచేది పచ్చబొట్టు: ఆ మాట బోర్డు మీద రాయండి

హైదరాబాద్‌లో స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ చేసే క్లినిక్కుల యజమానులకు, దాన్ని రెండు రోజుల్లో నేర్పుతామంటున్న ట్రైనింగ్ సెంటర్ల వాళ్లకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

రాంనగర్‌లో ఒక గల్లీలో నాకు మూడు కుర్చీల సెలూన్ ఉంది. 1996లో పెట్టినప్పుడు ఒకటే కుర్చీ. అప్పటి నుంచి పొద్దున లేస్తే నాకు కనిపించేవి తలలే. మనిషికి జుట్టు పలచబడుతున్న సంగతి ఇంట్లో వాళ్ల కంటే ముందు నాకు తెలుస్తుంది. నడినెత్తిన రూపాయి బిళ్లంత ఖాళీ పడిన వాడికి కటింగ్ అయ్యాక వెనక అద్దం పట్టేటప్పుడు, ఆ ఖాళీ కనపడకుండా కొంచెం వాల్చి పడతాను. అతనే అడిగితే తప్ప నోరు విప్పను. మా పనిలో అదొక మర్యాద.

మొన్న మీలో ఒకరి మనుషులు ఇద్దరు షాపుకొచ్చారు. జుట్టు పోయిన చోట మొలకలున్నట్టు కనిపించేలా తల మీద సూదితో రంగు చుక్కలు వేసే పని, మీరు స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ అనేది, నేర్పుతారట. రెండు రోజుల ట్రైనింగ్, మిషను, సూదులు, సిరా కిట్‌లోనే, గోడకు తగిలించుకోవడానికి సర్టిఫికెట్. ఫీజు నా షాపు మూడు నెలల అద్దె. ‘ఒక్క తల చేస్తే మీ రెండు నెలల కటింగ్ పైసలు వస్తాయన్నా’ అన్నాడు అందులో చిన్నవాడు. మొదటి రోజు రబ్బరు చర్మం మీద ప్రాక్టీసు, రెండో రోజు మనిషి తల మీద. ‘ఆ మనిషి ఎవరు తమ్మీ?’ అని అడిగాను. ‘మీ షాపులో పనిచేసే పిల్లలకెవరికైనా బట్టతల ఉంటే పట్టుకరండి’ అన్నాడు. చాయ్ తాగించి పంపించేశాను. ఆ రాత్రే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందే ఒక మాట. ఈ పని దండగ అని నేను అనను. మంచి చేయి పడ్డ తలలు నా కుర్చీలో కూర్చున్నాయి. ఒక కుర్రాడికి జుట్టు నాటించుకున్నప్పుడు వెనక చెవి నుంచి చెవి దాకా కోసి కుట్టిన గీత మిగిలింది. వెనక జుట్టు ఎప్పుడూ పొడుగ్గానే ఉంచమనేవాడు, ఎండాకాలంలో కూడా. ఆ గీత మీద చుక్కలు వేయించుకున్నాక ఒక రోజు వచ్చి ‘అన్నా, రెండో నంబరు పెట్టి కొట్టేయ్’ అన్నాడు. మిషను తిప్పుతూ గీత కోసం వెతికాను. దగ్గరికి వంగి చూస్తే గానీ దొరకలేదు. కాలిన మచ్చల వాళ్లకూ, తల మొత్తం ఊడిపోయి ఏళ్లు గడిచినా మళ్లీ రాని వాళ్లకూ ఇది ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు.

నా గొడవల్లా మీరు దీనికి పెట్టిన పేరుతో. బోర్డుల మీద ‘ట్రీట్‌మెంట్’ అంటారు, ‘శాశ్వత పరిష్కారం’ అంటారు, ‘సర్జరీ లేకుండా జుట్టు’ అంటారు. జరిగేదేమిటి? సన్నటి సూదితో చర్మంలోకి ఒక మిల్లీమీటరు కూడా దాటకుండా గుచ్చి రంగు దింపుతారు. గీసిన గుండు మీద మొలకలెత్తినట్టు కనిపించేలా వేల చుక్కలు. మూడు నాలుగు సిట్టింగులు, మధ్యలో వారం పది రోజులు ఎడం. ఒక్క వెంట్రుక కొత్తగా మొలవదు, ఊడేది ఆగదు. దీనికి తెలుగులో ఏనాటి నుంచో పేరుంది. పచ్చబొట్టు.

మా నానమ్మ ముంజేతి మీద ఒక తేలు, మూడు చుక్కలు ఉండేవి. నల్గొండ దగ్గర మా ఊళ్లో ఎరుకలామె పొడిచిందట, దీపం మసితో. మసి నల్లగా ఉంటుంది కదా, నీ బొట్టు ఆకుపచ్చగా ఎందుకుందని చిన్నప్పుడు అడిగితే ‘నల్లది లోపలికి పోతే పచ్చగైతది బిడ్డా’ అనేది. నాకది అర్థం కావడానికి నలభై ఏళ్లు పట్టింది. నా దగ్గరకొచ్చే చర్మం డాక్టరు గారు విడమర్చి చెప్పారు. చర్మం లోతున ఉన్న నలుపు మీద వెలుగు పడితే అందులో ఎరుపు లోపలే ఇంకిపోతుందట, నీలం చెదిరి వెనక్కి వస్తుందట. చేతి మీద నరాలు నీలంగా కనిపించేదీ కొంత అందుకేనట. అంటే మన భాషలోనే ఆ హెచ్చరిక ఉంది. నల్లబొట్టు అనలేదు మన పెద్దవాళ్లు, పచ్చబొట్టు అన్నారు.

మీ సూది కావాల్సినంత లోతుకే దిగితే చుక్క చుక్కలాగే బూడిద రంగులో నిలబడుతుంది. మరీ పైపైన గుచ్చితే కొన్ని వారాల్లో చర్మంతో పాటు రాలిపోతుంది. లోతుకు పోతే సిరా పాకి, పక్క చుక్కతో కలిసి, నానమ్మ చేతి రంగులోకి తిరుగుతుంది. నుదుటి దగ్గర చర్మం ఒక రకం, నడినెత్తిన ఒక రకం, కుట్ల మచ్చ మీద ఇంకో రకం. చేతికి ఆ తేడా తెలియడానికి రెండు రోజులు చాలుతాయా? నాకు కత్తి పట్టడం నేర్పడానికి మా నాయనకు రెండేళ్లు పట్టింది. మొదటి ఆర్నెల్లు సబ్బు నురగ కలపడమే నా పని.

ఒకరి సంగతి చెప్పాలి. పేరు వద్దు. నలభై దాటిన మనిషి, పదిహేనేళ్లుగా నా దగ్గరే కటింగ్. ఉన్న జుట్టు మధ్యలో ఒత్తుగా కనిపించడానికి చుక్కలు వేయించుకున్నాడు, నాకు కూడా చెప్పకుండా. పొడుగు జుట్టు మధ్య నాకు అనుమానం వచ్చింది గానీ అడగలేదు. నాలుగేళ్లు గడిచాయి. వాళ్ల నాన్న పోయారు. పదో రోజు నన్ను ఇంటికి పిలిచారు. పీట మీద కూర్చున్నాడు, నీళ్లు చల్లి కత్తి పెట్టాను. జుట్టు జారుతుంటే నడినెత్తిన అరచేతి వెడల్పున నీలి మచ్చ బయటపడింది. చుక్కలు అలుక్కుపోయి, కమిలిన దెబ్బలాగా. చుట్టూ బంధువులు. ‘ఏందిరా, నెత్తికి దెబ్బ తగిలిందా?’ అని వాళ్ల పెదనాన్న అడిగాడు. అతను తల ఇంకా దించాడు. నేను తడి తువ్వాలు కప్పి, ‘రంగు అంటింది, కడిగితే పోతది’ అని అబద్ధం చెప్పాను. తండ్రి పోయిన పదో రోజు ఒక కొడుకు ఏడవాల్సిన ఏడుపు అది కాదు.

మీ కౌన్సెలింగ్ గదిలో ఎవరైనా అతన్ని అడిగారా, బాబూ నువ్వు ఎప్పుడైనా గుండు చేయించుకోవాల్సి వస్తుందా అని? మనది తిరుపతికి, యాదగిరిగుట్టకు తలనీలాలు మొక్కుకునే జనం. పొడుగు జుట్టు మధ్య ఒత్తు కోసం వేసిన చుక్కలు గుండు మీద ఎలా కనిపిస్తాయో వేసే ముందే చెప్పాలి.

ఆ ఒక్క సంగతే కాదు, ఇంకా చాలా దాస్తారు. లేదా మీకే తట్టదేమో, ఎందుకంటే ఆఖరి సిట్టింగ్ ఫొటో దిగాక ఆ తల మళ్లీ మీకు కనపడదు. మాకు కనపడుతుంది. బట్టతల మొత్తం చుక్కలు వేయించుకున్న వాడు చెవుల పక్కన, వెనక మిగిలిన జుట్టును జీరోలో ఉంచితేనే చుక్కలతో కలుస్తుంది. అంటే రెండు మూడు రోజులకోసారి మిషను తిప్పుకోవాలి, బతికినంత కాలం. వారం వదిలేస్తే పక్కన నిజం జుట్టు లేస్తుంది, పైన చుక్కలు చదునుగానే ఉంటాయి. చుక్కలకు మెరుపు తగ్గించే గుణం లేదు. కొబ్బరినూనె అలవాటున్న తల ట్యూబ్‌లైటు కింద మెరిసిందంటే, చుక్కలున్నా బట్టతలే. ఇక తెల్ల వెంట్రుకలు. యాభై దగ్గరికి వచ్చేసరికి చెంపలు నెరుస్తాయి, చుక్కలు నెరవవు. తెల్ల మొలకల మధ్య నల్ల చుక్కలు. అప్పుడు గుండు నున్నగా గీయించుకోవడమో, నెరిసిన మొలకలకు రంగేసుకోవడమో చేయాలి. మూడు నాలుగేళ్లకు ఎండకు వెలిసి టచప్ కావాలి, దానికి మళ్లీ డబ్బు. హెల్మెట్ సంగతి కూడా. కొత్తగా గుచ్చిన తలకు చెమట, ఎండ, ధూళి తగలకూడదని చెప్పి పంపిస్తారు, ఆ అబ్బాయి బండి మీద కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి పోవాలి కదా.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఇరవై రెండు, ఇరవై నాలుగేళ్ల పిల్లలకు గీసే హెయిర్‌లైను. స్కేలు పెట్టినట్టు తిన్నగా, నుదుటి మీదకు దించి గీస్తారు. పెళ్లి చూపుల ఫొటోకు బాగుంటుంది. మగవాళ్ల బట్టతలకు నార్‌వుడ్ అనే డాక్టరు 1975లో సరిచూసి ఇచ్చిన ఏడు మెట్ల లెక్క మీ గోడల మీదే వేలాడుతుంటుంది. రెండో మెట్టు మీదున్న వాడు ఆరో మెట్టుకు పోవచ్చని మీకు తెలియదా? ముందు గీత అక్కడే ఉంటుంది, దాని వెనక జుట్టు తప్పుకుంటూ పోతుంది, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ నింపడానికి మళ్లీ మీ దగ్గరికే రావాలి. నెత్తి మీద ఈఎంఐ అన్నమాట.

అసలు జుట్టు ఎందుకు ఊడుతోందో చూసే వాళ్లెవరు మీ దగ్గర? 2021లో కరోనా తగ్గాక నా షాపుకొచ్చిన వాళ్లలో చాలామందికి దువ్వెన పెడితే గుప్పెడు ఊడేది. డెంగీ, టైఫాయిడ్ తర్వాతా, ఆడవాళ్లకు కాన్పు తర్వాతా అంతే. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు రాలడం మొదలై, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. పేనుకొరుకుడుకు పేనుతో సంబంధమే లేదు, శరీరంలోని రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద పడటం వల్ల వచ్చేది అది. చాలాసార్లు మందుతోనో, మందు లేకుండానో మళ్లీ మొలుస్తుంది. తిరిగొచ్చే జుట్టు కింద చుక్కలెందుకు? మచ్చలు కట్టి కుదుళ్లను మాడ్చేసే చర్మ రోగాలు ఇంకొన్ని ఉన్నాయి, అవి నెమ్మదించక ముందే గుచ్చితే ఇంకా రేగుతాయి. సోరియాసిస్, బొల్లి ఉన్న వాళ్లకు గుచ్చిన చోటల్లా అదే రోగం లేవవచ్చని డాక్టరు గారు చెప్పారు. దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బి గడ్డకట్టే చర్మం ఉన్న వాళ్లు సరేసరి. మగవాళ్లలో మామూలుగా వచ్చే బట్టతలకు మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ ఉన్నాయి. మొదటిది రక్తపోటు మందుగా పుట్టింది, 1988లో అమెరికాలో జుట్టు కోసం అనుమతి వచ్చింది, రెండోదానికి 1997లో. వాటికీ హద్దులున్నాయి, ఇబ్బందులున్నాయి, ఆపేస్తే నిలబడ్డ జుట్టు మళ్లీ ఊడుతుంది. అవి వాడాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, నేనూ కాదు, మీ రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయీ కాదు. ఉస్మానియాలో, గాంధీలో చర్మం ఓపీలు ఉన్నాయి. చుక్కలకు ముందు అక్కడికో, ఇంకెవరైనా చర్మం డాక్టరు దగ్గరికో ఒకసారి పంపితే మీకు పోయేదేమిటి?

సూది గురించి మాత్రం నేను గట్టిగానే మాట్లాడతాను, ఎందుకంటే అందులో మేము తిట్లు తిని నేర్చుకున్నాం. ఒకప్పుడు మా పొదిలో ఉన్న ఒకే కత్తిని సానరాయి మీద నూరి ఊరందరికీ గీసేవాళ్లం. ఎయిడ్స్ భయం వచ్చాక జనం మా షాపు మెట్లెక్కడానికి జంకారు. అప్పుడు బ్లేడు సగానికి విరిచి, మనిషి మనిషికీ మార్చడం మొదలైంది. ఇప్పుడు నా కుర్రాళ్లు కస్టమరు కళ్లముందే కాగితం విప్పి కొత్త బ్లేడు వేస్తారు. కొందరు అది వేసేదాకా కత్తి వైపే చూస్తుంటారు, నాకేం కోపం రాదు. మీ సూది కార్ట్రిడ్జి కూడా అట్లా కళ్లముందే విప్పండి. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం వారం బతుకుతుంది. మా సెలూన్లలో నీలం లైటు వెలిగే పెట్టె ఉంటుంది చూడండి, అది చూపించి ‘స్టెరిలైజేషన్’ అనకండి. అది ఎంత పనిచేస్తుందో మాకు తెలుసు. 121 డిగ్రీల ఆవిరి పట్టే ఆటోక్లేవ్ ఉంటే చూపించండి. మిగిలిన సిరా మళ్లీ సీసాలో పోసే అలవాటు మీ దగ్గర లేదని నమ్ముతున్నాను. ట్రైనింగ్ వాళ్లు చూపించిన వీడియోలో మాత్రం పోశారు.

ఆ సిరా ఏమిటన్నది ఇంకో ప్రశ్న. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2022 జనవరి నుంచి టాటూ సిరాల్లో దాదాపు 4 వేల రసాయనాలకు హద్దులు పెట్టారు. మా కిట్‌లోది ‘ఇంపోర్టెడ్’ అని ఆ చిన్నవాడు గర్వంగా చెప్పాడు. సీసా తిప్పి చూస్తే బ్యాచి నంబరు లేదు, తయారైన తేదీ లేదు. బేగంబజార్‌లో షాంపూ డబ్బా కొన్నా ఆ రెండూ చూసుకుంటాను నేను. నొప్పి తెలియకుండా రాసే మత్తు క్రీములో లిడోకైన్ ఉంటుంది. తల మొత్తానికి మందంగా పూసి ప్లాస్టిక్ చుట్టి వదిలేస్తే అది రక్తంలో ఎక్కువై ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఇంకో సంగతి, టాటూ వేయించుకున్నాక ఏడాది దాకా రక్తం ఇవ్వకూడదని మన బ్లడ్ బ్యాంకుల నిబంధన. తలసీమియా పిల్లల కోసం క్రమం తప్పకుండా రక్తమిచ్చే కుర్రాడొకడు నా కస్టమరు. చుక్కలు వేయించుకున్నాడు. తల మీది చుక్కలూ టాటూనే అని అతనికి తట్టలేదు, పోయిన వారం నేను చెప్పేదాకా. బోర్డు మీద ‘పచ్చబొట్టు’ అని ఉంటే తట్టేది.

చట్టం సంగతులు నాకు పెద్దగా తెలియవు. మందుల షాపాయన నా పాత కస్టమరు, ఆయన చెప్పినవి రెండు రాస్తాను. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒకటుంది, ఫలానా రోగాలు నయం చేస్తామని ఏ మందు మీదా రాసుకోకూడదని. ఆ జాబితాలో బట్టతల ఉంది. గోలీ సీసా మీద రాయకూడని మాట మీ హోర్డింగ్ మీద ఇరవై అడుగుల ఎత్తున ఉంటోంది. రెండోది, జుట్టు నాటే సర్జరీల గురించి జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పిన మాట. వర్క్‌షాపుల్లో చూసి, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది చాలదని. అది సర్జరీ, ఇది చుక్కలు అని మీరంటారు. సూది దిగే చర్మానికి ఆ తేడా ఎంత తెలుస్తుందో మీరే చెప్పండి.

జనానిదీ తప్పు ఉంది. 2025లో ఉప్పల్‌లో ఎవరో గుండు చేసి మందు రాస్తారు, జుట్టు మొలుస్తుందంటే వందల మంది ఎండలో లైను కట్టారు. టీవీలో చూసి మా కుర్రాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ లైనులో నా కస్టమర్లు ఇద్దరు కనిపించారు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనంటారు, లేనివాడి ఆత్రం ఆ సామెత చెప్పిన వాళ్లకు తెలియదు. ఆ ఆత్రం మీ గుమ్మం ఎక్కుతోంది కాబట్టే ఇంత రాస్తున్నాను.

నేను అడిగేది పెద్దది కాదు. వచ్చిన వాడికి తెలుగులో ఒక కాగితం ఇవ్వండి. ఇది పచ్చబొట్టు, జుట్టు రాదు, రెండు మూడు రోజులకోసారి మిషను తిప్పాలి, కొన్నేళ్లకు వెలుస్తుంది, తప్పు జరిగితే లేజర్‌తో తీయాలి అని. సిరా సీసా మీది లేబులు ఫొటో తీసుకోనివ్వండి. గుచ్చేది ఎవరో, ఎన్ని తలలు చేశారో చెప్పండి. చెవి వెనక నాలుగు చుక్కలు వేసి, నెల ఆగి, రంగు ఎటు తిరిగిందో చూసుకుని మిగతాది మొదలుపెట్టండి. మీ గోడ మీద ఆఖరి సిట్టింగ్ నాటి ఫొటోల పక్కన అవే తలలు ఐదేళ్ల తర్వాత ఎలా ఉన్నాయో పెట్టండి, మధ్యాహ్నం ఎండలో తీసినవి. ఇరవై ఐదేళ్లు నిండని వాడిని ఇంకొంత కాలం ఆగమనండి. ఇక సెలూన్ కుర్రాళ్లకు రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చే పని మానండి. మా వాళ్లకు ఆశ ఉంది, అద్దెలు పెరిగాయి, పెద్ద బ్రాండు సెలూన్లు వచ్చి గల్లీ కస్టమర్లను లాక్కుంటున్నాయి. మీ కిట్ కొన్నవాడు అప్పు తీర్చడానికి ఎవరో ఒకరి తల మీద గుచ్చి తీరాలి.

పదో రోజు నేను గుండు చేసిన మనిషి ఇప్పుడు లేజర్‌కు పోతున్నాడు. నాలుగో సిట్టింగ్ అయ్యింది. రెండింటి మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారట. సిరాలో గోధుమ రంగు కోసం ఐరన్ ఆక్సైడ్ కలిపి ఉంటే లేజర్ తగిలినప్పుడు ఇంకా నల్లబడవచ్చట, అందుకని ముందు చిన్న చోట పరీక్ష చేశారు. చుక్కలు వేయించిన దానికంటే తీయించడానికే ఎక్కువ అయ్యిందన్నాడు. నీలం కొంచెం తగ్గింది. లేజర్‌కు ముందు రోజు సాయంత్రం నా దగ్గరికి వచ్చి గుండు గీయించుకుంటాడు, షట్టరు సగం దించమంటాడు, దించుతాను.

మీలో ఎవరికైనా చూడాలనిపిస్తే రండి. అతను ఒప్పుకుంటే తల చూపిస్తాను, లేకపోతే మీరు చేసిన తలల ఫొటోలు మీరే తీసుకురండి, నా ట్యూబ్‌లైటు కింద పెట్టి మాట్లాడుకుందాం. మంగళవారం మాకు సెలవు. మిగతా ఏ రోజైనా పొద్దున ఏడింటికే షాపు తీస్తాను.

ఇట్లు,
రాంనగర్ సెలూన్ మేస్త్రీ